శిబిరం క్లినిక్‌లో ఆడవాళ్ళని హింస గురించి ఎప్పుడు, ఎలా అడగాలి?

మీరు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల శిబిరంలో నర్సుగా చేరబోతున్నానన్నారు. క్లినిక్‌కి వచ్చే ప్రతి మహిళనీ హింస గురించి అడగాలా, అందుకు ఫారం ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

ఫారాలున్నాయి. ఇథియోపియాలోని శరణార్థి మహిళలతో, కొలంబియాలో ఊళ్ళు వదిలి వచ్చిన మహిళలతో మాట్లాడి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన అసిస్ట్-జీబీవీ (ఆడవాళ్ళ మీద హింసని గుర్తించే ప్రశ్నల ఫారం) వాటిలో ఒకటి. బెదిరించడం, కొట్టడం, లైంగిక బలవంతం, తిండికోసం శరీరం అప్పగించాల్సి రావడం, బలవంతపు పెళ్ళి, ఇలా ఒక్కొక్కటీ విడిగా అడుగుతుంది. అయితే ఫారం తర్వాతి సంగతి. ఆమె ‘అవును’ అంటే ఆ రోజే మీరేం చేయగలరో ముందు తేల్చుకోండి. చేయగలిగింది ఏమీ లేనప్పుడు అడగడం ఆమెకి హానే. భర్త పెట్టే హింస విషయంలో డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2013 మార్గదర్శకాలు కూడా అందరినీ అడగమని చెప్పలేదు. గాయాలు, అంతుపట్టని నొప్పులు, చనిపోవాలన్న ఆలోచనలు, మళ్ళీమళ్ళీ వచ్చే సుఖవ్యాధులు కనిపించినప్పుడు అడగమంది.

ముందు, అత్యాచారం జరిగి వచ్చిన ఆమెకి ఇవ్వాల్సిన మందులున్నాయో లేదో బీరువా చూడండి. హెచ్‌ఐవీ నివారణ మందు ఘటన జరిగిన 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా 120 గంటల లోపు ఇవ్వాలి, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు, సుఖవ్యాధుల మందులు కూడా ఉండాలి. బంగ్లాదేశ్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి 9కి ఘటన జరిగి, ఆమె ఆదివారం ఉదయం 9కి వస్తే అప్పటికే 60 గంటలు గడిచిపోయాయి. అందుకే శుక్రవారం బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో చేరిన రోజే కనుక్కోండి.

తర్వాత గది. అక్కడి గోడలు చాలావరకు వెదురు తడికలు, టార్పాలిన్లు. ఒకరు లోపల మామూలు గొంతుతో చదవాలి, ఇంకొకరు బయట బెంచీ మీద కూర్చుని వినాలి. మాటలు అర్థమైతే ఆ గదిలో అడగొద్దు. ఇంకో చోటు వెతకండి.

అత్తగారో, భర్తో వెంట వస్తారు. ‘ఆమెతో విడిగా మాట్లాడాలి’ అన్నారంటే అనుమానం అక్కడే పుడుతుంది. వచ్చిన ప్రతి మహిళనీ కాసేపు ఒంటరిగా చూడటం క్లినిక్ పద్ధతిగా పెట్టండి, అప్పుడు ఎవరూ ప్రత్యేకంగా కనబడరు. మాటలు వచ్చిన పిల్లలు కూడా లోపల ఉండకూడదు, వాళ్ళు ఇంటికెళ్ళి చెప్పేస్తారు.

దుబాసీ తప్పనిసరిగా మహిళే అయి ఉండాలి, వైద్యానికి వచ్చినామె బంధువో, శిబిరంలో ఆమె ఉండే బ్లాకు మనిషో కాకూడదు. బ్లాకు పెద్దని అక్కడ మాఝీ అంటారు. మాఝీ ఇంటివాళ్ళని అస్సలు పెట్టుకోవద్దు. బెంగాలీ వస్తే చాలదు. చిట్టగాంగ్ యాస రోహింగ్యా భాషకి దగ్గరే కానీ ఒంటి గురించి, పడక గురించి వాడే మాటలు తేడా పడతాయి. ప్రశ్నలన్నీ ముందుగా ఇద్దరు ముగ్గురు రోహింగ్యా ఆడవాళ్ళకి వినిపించి సరిచేసుకోండి.

అడగడం ఇలా ఉంటే మంచిది: ‘ఇక్కడ చాలామంది ఆడవాళ్ళకి ఇంట్లోనో బయటో ఇబ్బందులు ఎదురవుతున్నాయి. మీకు ఇష్టమైతేనే చెప్పండి. ఈ ఏడాదిలో మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?’ ‘అత్యాచారం’ లాంటి పెద్ద మాట వాడితే చాలామంది ‘లేదు’ అనేస్తారు, జరిగిన పని చెప్పి అడిగితే జవాబొస్తుంది. ఆమె వద్దంటే అక్కడితో ఆపేయండి. వైద్యం మాత్రం ఆగకూడదు.

నెలకి ఇన్ని కేసులు రావాలని లక్ష్యం పెట్టే పైఅధికారులుంటారు. గట్టిగా వ్యతిరేకించండి. ‘అవును’లు తక్కువొస్తే హింస లేదని కాదు, ఇంకా నమ్మకం కుదరలేదని అర్థం. ఫారం మీద పేరు బదులు కోడ్ ఉండాలి. ఆమె ఇంటికి తీసుకెళ్ళే కార్డు మీద దీని గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు. బ్లాకుల వారీగా లెక్కలు పంపకండి, ‘ఒకటి’ అని ఉంటే అదెవరో ఆ బ్లాకంతా పసిగట్టేస్తుంది.

మన తుపాను పునరావాస కేంద్రాల్లో ఇదే పని చేసేవాళ్ళకి ఒక మాట. బాధితురాలికి 18 ఏళ్ళు నిండకపోతే లైంగిక నేరాన్ని పోలీసులకి తెలపడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక) చట్టం కింద తప్పనిసరి. అత్యాచారం కేసుల్లో ఆసుపత్రి ఉచితంగా చికిత్స చేసి పోలీసులకి తెలియజేయాలి. ఈ సంగతి ఆమె నోరు విప్పకముందే చెప్పాలి, విన్నాక కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే జిల్లా సఖి కేంద్రానికి వారానికోసారి మీరే ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూసుకోండి.