పావు అంగుళపు తూటాల్లో ఏది మేలు?

ప్రశ్న: నేను అమెరికాలోని కొలరాడోలో స్థిరపడ్డాను. లైసెన్సుతో మ్యూల్ జింకలను, ప్రాంగ్‌హార్న్‌లను (జింకను పోలిన జంతువులు) వేటాడేందుకు రైఫిల్ ప్రత్యేకంగా చేయించుకుంటున్నాను. .257 రాబర్ట్స్, .25-06 రెమింగ్టన్, .257 వెదర్బీ మాగ్నమ్ తూటాలలో దేనిని ఎంచుకోమంటారు?

జవాబు: మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, ఈ సమాధానం మీవంటి అక్కడి లైసెన్సుదారులకే వర్తిస్తుంది. నా ఓటు .25-06కే. .30-06 తూటా మెడను సన్నం చేసి తుపాకీ నిపుణులు ఏళ్ల తరబడి సొంతంగా వాడుకున్న ఈ రూపాన్ని రెమింగ్టన్ సంస్థ 1969లో మార్కెట్లోకి తెచ్చింది; 120 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) గుండును, అంటే తూటా నుంచి దూసుకుపోయే ముక్కును, సెకనుకు దాదాపు 3,000 అడుగుల వేగంతో పంపగలదు కాబట్టి చెట్టూచేమా లేని మైదానంలో 300 గజాల దూరానికైనా చాలినంత బలం ఉంటుంది. 7×57 మౌజర్ నుంచి పుట్టిన రాబర్ట్స్ భుజాన్ని అంతగా నొప్పించదు, దగ్గరి వేటకు అది చాలు. అయితే పొట్టి మ్యాగజీన్‌లో (తూటాలు నింపే అరలో) పట్టడానికి పొడవాటి గుండును తూటా గొట్టంలోకి లోతుగా దింపితే లోపలి పేలుడు మందుకు చోటు తగ్గుతుంది. వెదర్బీ అన్నిటికన్నా వేగవంతమైనదే గాని, మందు ఎక్కువ పడుతుంది, తుపాకీ గొట్టం త్వరగా అరుగుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యం, తుపాకీ గొట్టానికి ఆర్డరు ఇవ్వకముందే గుండును నిర్ణయించుకోవడం. గుండును గిర్రున తిప్పేందుకు గొట్టం లోపల మెలికగా చెక్కే గాడుల్లో, పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత పద్ధతివి 120 గ్రెయిన్ల మామూలు గుండును చక్కగా నిలబెడతాయి. ఇప్పుడు వస్తున్న 130 గ్రెయిన్లు దాటిన సన్నని, పొడవాటి గుండ్లకు మాత్రం ఎనిమిది అంగుళాలకో, అంతకన్నా తక్కువకో ఒక చుట్టు ఉండాలి, లేకపోతే అవి గాలిలో తడబడి గురి తప్పుతాయి.