లెక్కకు అందని పొందిక

అమ్మాయికి ఆశీస్సులు.

ఫార్సీ కవులు సాదీ, హాఫిజ్‌ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాషావేత్తలు హాలిడే, హసన్ 1976లో విడదీసి చూపిన అయిదు రకాల సంసక్తి సాధనాలకూ, అంటే వాక్యాలను ఒకదానితో ఒకటి కలిపే సాధనాలకూ, పట్టికలు కట్టావు. శ్రద్ధకు వంక పెట్టను. కానీ సర్వనామాలు, సముచ్చయాలు (‘కానీ’, ‘కాబట్టి’ లాంటి కలిపే మాటలు) ఎన్నిసార్లు వచ్చాయో చెప్పి ఊరుకున్నావు. అవి వచ్చి ఏం సాధించాయన్నది వ్యాసంలో ఎక్కడా లేదు. సంసక్తి వాక్యాల మీద పైకి కనిపించే కట్టు కాబట్టి లెక్కకు దొరుకుతుంది. పొందిక చదివేవాడి మనసులో కుదిరేది, దాన్ని లెక్కపెట్టి పట్టుకోలేం.

1258లో సాదీ రాసిన గులిస్తాన్ అనే పుస్తకం మొదటి వాక్యాలే తీసుకో. దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటే వరం పెరుగుతుందని మొదలుపెడతాడు. లోపలికి వెళ్లే ప్రతి శ్వాసా ఆయుష్షుకు ఆసరా, పైకి వచ్చినప్పుడు ప్రాణానికి హాయి. కాబట్టి ప్రతి శ్వాసలో రెండు వరాలు, ఒక్కో వరానికీ ఒక కృతజ్ఞత బాకీ అంటాడు. శ్వాస అన్న మాట ‘పైకి వచ్చినప్పుడు’ దగ్గర మళ్లీ రాదు, క్రియ చివరి ప్రత్యయమే కర్తను మోస్తుంది. ‘హయాత్’ (ఆయుష్షు) తర్వాత ఉన్న ‘అస్త్’ (ఉంది) అనే క్రియ ‘జాత్’ (ప్రాణం) తర్వాత లేదు. నీ పట్టికలో ఇవి రెండు లోపాలు, అంటే మాట వదిలేసిన చోట్లు, అంతే. నిజానికి ఆ క్రియ తప్పుకోవడం వల్లే హయాత్, జాత్‌ల ప్రాస చెవికి సూటిగా తగులుతుంది.

ఇంకా చూడు. మొదట షుక్ర్ (కృతజ్ఞత) వల్ల నేమత్ (వరం) పెరిగింది, చివర నేమత్ వల్ల షుక్ర్ బాకీ పడింది. అవే రెండు మాటలు తిరగబడి ఎదురొచ్చాయి. తీర్చిన కొద్దీ పెరిగే అప్పు ఇది! వెంటనే పద్యం అందుకుంటాడు: ఆ రుణం తీర్చడం ఎవరి చేతుల వల్ల, ఎవరి నాలుక వల్ల అవుతుంది? అక్కడ ‘అవుతుంది’ అనడానికి వాడిన ‘బర్ ఆయద్’, ఇందాక శ్వాస పైకి రావడానికి వాడిన క్రియే. గద్యాన్నీ పద్యాన్నీ కుట్టిన దారం అది. దాన్ని ‘పునరుక్తి: 1’ అని రాస్తే ఏం మిగిలింది?

హాఫిజ్ దగ్గర మాత్రం నాకు నీ మీద కోపం వచ్చింది. గజల్‌లో బైతుల (రెండేసి పాదాల పద్యాల) మధ్య సముచ్చయాలు తక్కువ కాబట్టి పొందిక లేదని తేల్చేశావు. ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ 1771లో హాఫిజ్ ‘షీరాజీ తుర్కు’ గజల్‌ను ఇంగ్లీషు చేస్తూ చేతికి దొరికినట్టు గుచ్చిన ముత్యాలన్నాడు, ఆ మాట ఇప్పటికీ వదల్లేదు. రాతప్రతుల్లో బైతుల వరుస మారుతుంటుంది, నిజమే. అయితే ఆ గజల్‌నే మళ్లీ చదువు. మొదటి బైతులో ప్రేమించేవాడు ఆ తుర్కు పుట్టుమచ్చ ఒక్కదానికే సమర్ఖండ్, బుఖారా నగరాలను ఇచ్చేస్తానంటాడు. తర్వాత, తుర్కులు విందు బల్లను దోచినట్టు సుందరాంగులు అతని ఓర్పును దోచుకుపోతారు. చివరి బైతులో ఆకాశమే అతని కవితపై కృత్తికల హారాన్ని వెదజల్లుతుంది. ఇవ్వడం, పోగొట్టుకోవడం, పొందడం: ఈ లావాదేవీని ఏ సముచ్చయమూ చెప్పదు. అయినా గజల్ మొత్తాన్నీ మోసేది అదే.

ఫార్సీలో ‘ఊ’ అనే సర్వనామానికి లింగభేదం లేదని మరిచిపోకు. నీ అనువాదంలో ‘ఆమె’ అని పెట్టగానే, అతను ప్రేమించేది ప్రియుడినా, ప్రియురాలినా, దేవుడినా అన్న సందిగ్ధత పోయింది. మన క్రియ కూడా కర్తను లోపల దాచుకోగలదు కానీ ‘వచ్చాడు’, ‘వచ్చింది’ దగ్గర బయటపడిపోతాం.

వ్యాసం తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. ఆ గజల్‌లో మధ్య బైతుల వరుస మార్చి చదువు. రెండు పాదాలూ ప్రాస కలిసే మొదటిదాన్నీ, కవి పేరున్న చివరిదాన్నీ కదపకు. ఎక్కడ అర్థం దెబ్బతిందో, ఎక్కడ ఏమీ కాలేదో రాసి పంపు. పట్టికలు అనుబంధంలో పెట్టుకో, చూడాలనుకునేవాళ్లు చూస్తారు.