కాలాపానీకి ఒక్క గంట చాలునా?

ప్రశ్న: డిసెంబరు సెలవులలో పిల్లలతో కలిసి ఐదు రోజులు అండమాన్ వెళ్లాలనుకుంటున్నాము. సెల్యులార్ జైలును విమానం దిగిన సాయంత్రమే ఒక గంటలో చూసేసి, మిగిలిన రోజులు సముద్రతీరాలకు కేటాయించవచ్చునని మా వారు అంటున్నారు. డెబ్బై రెండేళ్ల మా మామగారికి ఆ మాట బొత్తిగా నచ్చలేదు. పైగా ఆయన చెన్నై నుండి ఓడలోనే వెళ్దామని పట్టుబడుతున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఓడ విషయంలో మీ వారి మాటే సబబు. ఓడకు ఒకవైపు ప్రయాణమే దాదాపు మూడు రోజులు పడుతుంది. విమానానికి రెండు గంటలకు కాస్త ఎక్కువ. అయితే మీ మామగారి పట్టుదల అర్థం లేనిది కాదు. 1911లో స్వాతంత్ర్య సమరయోధుడు సావర్కర్‌ను ద్వీపాంతరవాసానికి, అంటే కాలాపానీకి, తీసుకువెళ్లిన ‘మహారాజా’ ఓడ బయలుదేరింది మన మద్రాసు రేవు నుండే.

జైలు విషయంలో మాత్రం నేను మీ మామగారి పక్షమే. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికల్లా పొద్దు గుంకుతుంది కనుక, మీరనుకున్న ఆ గంటలో సగం చీకటిలోనే గడిచిపోతుంది. ఉదయాన్నే వెళ్లండి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడం నడిమి గోపురం చుట్టూ చక్రపు ఆకుల్లా ఏడు మూడంతస్తుల విభాగాలతో ఉండేది. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక విభాగంలోని కొట్ల ముఖాలు పక్క విభాగపు వీపును చూసేటట్లు కట్టడం వలన, ఖైదీకి ఎదురుగా గోడ తప్ప మరో మనిషి ముఖం కనిపించే వీలుండేది కాదు. దాదాపు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గల కొట్టులో, చేతికందని ఎత్తున ఒక్క గవాక్షం. సావర్కర్ సోదరులిద్దరూ ఈ జైలులోనే ఉండి కూడా చాలాకాలం ఒకరినొకరు చూసుకోలేకపోయారంటే, ఈ నిర్మాణం ఎందుకిలా ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. పిల్లలను ఒక కొట్టులో రెండు నిమిషాలు మౌనంగా కూర్చోమనండి. గైడు చెప్పేదానికన్నా అదే వారికి బాగా గుర్తుంటుంది. ఆవరణలోని గానుగను కూడా చూపండి. ఎద్దు తిప్పవలసిన దానిని మనిషి తిప్పి, రోజుకు ముప్ఫై పౌన్ల కొబ్బరినూనె తీయవలసి వచ్చేది. పైకప్పు మీదికి మెట్లు ఎక్కువ. మీ మామగారు కింద రావిచెట్టు దగ్గర విశ్రమించవచ్చు.

అయితే జైలును చూసినంత మాత్రాన శిక్షాస్థావరాన్ని, అంటే ఖైదీలను పంపి పని చేయించిన ఆ దీవుల ప్రాంతాన్ని, చూసినట్లు కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ పొరబడ్డాను. సిపాయిల తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో ఈ స్థావరం మొదలైంది. జైలు పూర్తయ్యేసరికి దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. ఆ లోపల వచ్చినవారు అడవులు నరికి, రోడ్లు వేసి, జ్వరాలకు రాలిపోయారు. అందుకే రెండవ రోజు పడవెక్కి, పూర్వం రాస్ ద్వీపమని పిలిచిన నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపానికి వెళ్లండి. పాలకుల చర్చి, బంగళాలు మర్రి ఊడల మధ్య శిథిలమై ఉన్నాయి. వీలుంటే వైపర్ ద్వీపంలోని ఉరికంబాన్నీ చూడండి. 1872లో వైస్రాయి మేయోను చంపిన షేర్ అలీని ఉరితీసింది ఆ ద్వీపంలోనే.

మన వాళ్ల సంగతి కూడా పిల్లలకు చెప్పండి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర ఏళ్ల తరబడి అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖ ప్రాంతం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి గారినీ ఇక్కడికే పంపారు. ఇక శిక్ష ముగిశాక తిరిగి రాక అక్కడే స్థిరపడినవారి సంతతిని ఆ ఊరివారు ‘లోకల్ బార్న్’ అంటారు. బజారులో తెలుగు కూడా వినిపిస్తుంది గనుక మీ మామగారికి మాట్లాడే మనుషుల కొరత ఉండదు.

సముద్రతీరాలకు మూడు రోజులు మిగులుతాయి. మీ వారు అంతగా నొచ్చుకోనక్కరలేదు.