గ్రెనడాలో 15కి 15 సీట్లు గెలిచిన పార్టీ 2022లో ఎలా ఓడిపోయింది?

కరీబియన్ ద్వీప దేశం గ్రెనడాలో 2013లో, 2018లో వరుసగా మొత్తం 15 సీట్లూ ఊడ్చేసిన పార్టీ ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో అధికారం ఎలా పోగొట్టుకుందని అడిగారు. 2022 జూన్ 23న పోలింగ్ జరిగినప్పుడు నేను అక్కడే, రాజధాని సెయింట్ జార్జెస్‌లో మెడిసిన్ చదువుతున్నాను. చూసింది, విన్నది చెబుతాను.

15 సీట్లూ ఒకరికే అంటే దేశమంతా ఒకే వైపు ఉందనిపిస్తుంది. నిజానికి 2018లో అప్పటి ప్రధాని కీత్ మిచెల్ గారి న్యూ నేషనల్ పార్టీకి (ఎన్‌ఎన్‌పీ) పడినవి దాదాపు 59 శాతం ఓట్లే. 40 శాతం దాటిన ప్రత్యర్థి పార్టీ ఎన్‌డీసీకి (నేషనల్ డెమోక్రాటిక్ కాంగ్రెస్) ఒక్క సీటూ దక్కలేదు. మన దగ్గరలాగే అక్కడా ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే సీటు వాళ్లదే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 40 శాతం ఓట్లతో వైసీపీ 11 సీట్ల దగ్గర ఆగిపోయింది కదా, ఇదీ అంతే. పైగా గ్రెనడా జనాభా లక్ష పైచిలుకు. నియోజకవర్గానికి సగటున ఆరు వేల మంది ఓటర్లు కూడా ఉండరు. కొన్ని వందల మంది అటు నుంచి ఇటు వస్తే చాలు, సీటు పోయినట్టే.

ఆ కొన్ని వందల మంది ఎందుకు కదిలారంటే, నా దృష్టిలో మొదటి కారణం పెన్షన్. మా ఇంటి ఓనరమ్మ ఎప్పుడూ ఆకుపచ్చ పార్టీకే, అంటే మిచెల్ గారికే వేసేది. ఆవిడ కూతురు టీచర్. ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్, గ్రాట్యుటీ గొడవ ఏళ్ల తరబడి నలిగింది. 2018 చివర్లో టీచర్లు సమ్మెకు కూడా దిగారు. "ఆయన మీద నాకు కోపం లేదు, కానీ ఈసారి నా పిల్ల కోసం వేస్తా" అని ఆవిడ వంటింట్లో నిలబడి చెప్పిన మాట నాకింకా గుర్తుంది. ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉండి ఉంటాయి.

రెండోది, ఎదురుగా కొత్త మనిషి దొరకడం. మిచెల్ గారు 1995 నుంచి 2008 దాకా, మళ్లీ 2013 నుంచి ప్రధాని. 75 ఏళ్ల వయసు. ఎన్‌డీసీ 2021 అక్టోబరు చివర్లో డికన్ మిచెల్ అనే లాయరును నాయకుడిగా ఎన్నుకుంది. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఆయన అంతకుముందు ఎప్పుడూ ఎన్నికల్లో నిలబడలేదు కాబట్టి, పాత ఎన్‌డీసీ మీద జనానికున్న విసుగు ఆయనకు అంటలేదు. ఎనిమిది నెలలైనా తిరక్కుండానే పసుపు టీషర్టులు వేసుకున్న కుర్రాళ్లతో మినీబస్సులు, పాటలు, హారన్లతో గ్రాండ్ ఆన్స్ రోడ్డు నిండిపోయేది.

అక్కడ ఈవీఎంలు లేవు, కాగితం బ్యాలెట్లే. లెక్కింపు అదే రాత్రి. ఓనరమ్మ రేడియో పక్కన కూర్చుని పాత క్యాలెండర్ వెనకవైపు ఒక్కో నియోజకవర్గం అంకెలు రాసుకుంటూ పోయింది. మన దగ్గర వారాల తరబడి ఉండే టెన్షన్ వాళ్లకు ఒక్క రాత్రితో తీరిపోతుంది. ఎన్‌డీసీకి 9, ఎన్‌ఎన్‌పీకి 6. మర్నాడే, జూన్ 24న, డికన్ మిచెల్ ప్రమాణస్వీకారం చేశారు.

ఓట్లు మాత్రం దాదాపు 52, 48 శాతం. కీత్ మిచెల్ తన సీటు నిలబెట్టుకుని ప్రతిపక్ష నేతగా కూర్చున్నారు. కాబట్టి ఆ ఎన్నికతో ఎన్‌ఎన్‌పీ పని అయిపోయిందని ఎవరైనా రాస్తే నమ్మకండి.