మూడు కాలేజీల మెయిళ్లు ఒకే రూపంలోకి: అమ్మలుకు బాబాయి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు,

బాబాయి ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతులో టెన్షన్ వినిపించింది. మూడు కాలేజీలు ఒకే ట్రస్టు కిందికి వచ్చాయి, ఇరవై ఏళ్ల మెయిళ్లన్నీ ఒకచోట, ఒకే రూపంలో దాచే పని నీ మీద పడింది. ఒక కాలేజీలో పీఎస్‌టీ ఫైళ్లు, అంటే అవుట్‌లుక్ తన సొంత పద్ధతిలో దాచుకునేవి, రెండోదాంట్లో లైనక్స్ సర్వర్ మీద ఎంబాక్స్ ఫైళ్లు, అంటే ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో వరసగా ఉండేవి, మూడోదాంట్లో జీమెయిల్. "ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు బాబాయ్?" అని అడిగావు. సాఫ్ట్‌వేర్ సంగతి ఇప్పుడే వద్దు. ఆ మూడు చోట్ల మనుషుల్ని ఏం ఒప్పుకోమని అడగాలి, ఏం అడగకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలితే మిగతాది పది రోజుల పని. తేలకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఏడాదికి కూడా తెమలదు.

కొంచెం వెనక్కి తీసుకెళ్తాను, ఓపిగ్గా చదువు. 1971లో రే టామ్లిన్సన్ యాట్ గుర్తు వాడి ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మెయిల్ పంపించాడు. ఆ తర్వాత, ఇంటర్నెట్‌కి ముందరి నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌లో కొన్నాళ్లు ఎవరి తీరు వాళ్లదే. 1973 సెప్టెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 561 అనే చిన్న పత్రం వచ్చింది. ఆర్‌ఎఫ్‌సీ అంటే నెట్‌వర్క్ పద్ధతులు రాసే పత్రాల వరస. అది అడిగింది చాలా తక్కువ. ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, విషయం ఏమిటి: ఇవి ఒక్కో లైనుగా మామూలు అక్షరాల్లో పైన రాయండి, ఒక ఖాళీ లైను వదలండి, ఆ కింద ఉత్తరం మీ ఇష్టం. అంతే. 1977లో ఆర్‌ఎఫ్‌సీ 733, 1982 ఆగస్టులో డేవిడ్ క్రాకర్ రాసిన 822, 2001లో 2822, 2008లో 5322, అన్నీ దాని మీద కట్టినవే. ఈ రోజు నీ ఫోన్‌లోకి వచ్చిన మెయిల్ అసలు రూపం తెరిచి చూడు. పైనున్న ఆ వివరాల లైన్లకీ (వాటినే హెడర్ అంటారు) ఉత్తరానికీ మధ్య ఆ ఖాళీ లైను ఇప్పటికీ ఉంటుంది.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. యూయూసీపీ అని వేరే నెట్‌వర్క్ ఉండేది. యంత్రాలు రాత్రిపూట ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఫైళ్లు మార్చుకునేవి. అడ్రసు అంటే దారి మొత్తం రాయాలి, ఏ యంత్రం మీదుగా ఏ యంత్రానికి అని, మధ్యలో ఆశ్చర్యార్థకాలు పెట్టి. మన దేశంలో విద్యా, పరిశోధనా సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ మొదలైన రోజుల్లో మెయిల్ నడిచింది ఈ పద్ధతి మీదే. 1986లో ఆర్‌ఎఫ్‌సీ 976 వచ్చి, మీ ఫోన్ లైన్లు మీరు ఉంచుకోండి, లోపలి ఉత్తరం మాత్రం 822 రూపంలో ఉండనివ్వండి అంది. అందుకే అది నిలిచింది. ఎవరి వంటిల్లూ మార్చలేదు, గడప దగ్గర ఇచ్చిపుచ్చుకునే గిన్నె మాత్రం ఒకటే చేసింది.

అదే కాలంలో, 1984లో, సీసీఐటీటీ అనే అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ మెయిల్ కోసం ఎక్స్.400 అనే ప్రమాణం తెచ్చింది. టెలికాం శాఖల అండ ఉంది, పకడ్బందీగా రాశారు. కానీ అందులోకి రావాలంటే అడ్రసు దగ్గర్నుంచి అన్నీ వాళ్ల పద్ధతిలోకి మారాలి. ఈ రోజు అది విమానయానం, సైన్యం లాంటి కొన్ని చోట్ల తప్ప మామూలు జనానికి కనిపించదు. నీ మూడు కాలేజీల్లో ఎవరైనా "మొత్తం కొత్త సిస్టమ్‌కి వెళ్లిపోదాం, అందరూ అందులోనే పని చెయ్యాలి" అంటే ఇది గుర్తు తెచ్చుకో. రోజువారీ పని ఎవరు ఎందులో చేసుకుంటారో నీకు అనవసరం. దాచే చోటికి వచ్చేటప్పుడు మాత్రం ప్రతి మెయిల్ ఒక విడి ఫైలుగా, 5322 రూపంలో, వచ్చింది వచ్చినట్టు ఉండాలి. జనం ఈఎంఎల్ ఫైలు అంటారు చూడు, అదే. నువ్వు అడగాల్సింది ఇదొక్కటే.

"వచ్చింది వచ్చినట్టు" అన్నమాట ఎందుకు నొక్కి చెబుతున్నానో విను. నేను ఒక పరిశోధనా సంస్థ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేటప్పుడు, రెండు యంత్రాల మెయిల్ కలిపే ప్రోగ్రామ్ రాశాను. డిస్క్‌లో చోటు బంగారంలా చూసుకునే రోజులు. మెయిల్ ఏయే యంత్రాల మీదుగా వచ్చిందో చెప్పే రిసీవ్డ్ లైన్లు, ప్రతి మెయిల్‌కీ విడిగా ఉండే గుర్తింపు చెప్పే మెసేజ్-ఐడీ లైను, ఇవన్నీ చదివేవాడికి అక్కర్లేనివని తీసేశాను. ఏడాదిన్నర తర్వాత ఒక కొనుగోలు విషయంలో గొడవ వచ్చింది. ఫలానా ఉత్తరం గడువులోపల వచ్చిందా లేదా, ఏ ఉత్తరానికి ఏది జవాబు? చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నా వల్ల ఆ రోజు తలదించుకుని నిలబడ్డ మనిషిని ఇప్పటికీ మర్చిపోలేను. తప్పు పూర్తిగా నాది. అందుకే చెబుతున్నాను, అసలు ప్రతిలో ఒక్క లైను కూడా తీయొద్దు. ఒకే మెయిల్ నలుగురి పెట్టెల్లో నాలుగుసార్లు ఉందని మూడు తీసేయాలనిపిస్తుంది. వద్దు. ఒక్కో ప్రతి వచ్చిన దారి వేరు, ఆ దారి హెడర్‌లో రాసి ఉంటుంది. వెతికేటప్పుడు ఒకటే చూపించాలంటే ఇండెక్స్‌లో, అంటే వెతకడానికి వేరుగా తయారుచేసే జాబితాలో, చేసుకో.

ఇక ఒక్కో కాలేజీ సంగతి.

ఎంబాక్స్ చూడ్డానికి సులువు, కానీ మోసం చేస్తుంది. ఒకే ఫైలులో వేల ఉత్తరాలు వరసగా ఉంటాయి. కొత్త ఉత్తరం మొదలైందని చెప్పే గుర్తు, లైను మొదట్లో 'ఫ్రమ్' అనే మాట, దాని వెనక ఒక ఖాళీ. మరి ఎవరైనా ఉత్తరం మధ్యలోనే ఆ మాటతో ఒక లైను మొదలుపెడితే? ఉత్తరం రెండు ముక్కలవుతుంది. అలా కాకుండా ఆ లైను ముందు ఒక బాణం గుర్తు (>) చేర్చే అలవాటు వచ్చింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు చేర్చాయి, కొన్ని చేర్చలేదు, కొన్ని తిరిగి తీసేయగలిగేలా చేర్చాయి. అందుకే ఎంబాక్స్ అనే ఒక్క పేరు కింద నాలుగైదు రకాలున్నాయి. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4155 దాని గురించి రాసినా పాత ఫైళ్లు పాతవే కదా. నువ్వు విడదీశాక, తేదీ లైను గానీ పంపినవారి లైను గానీ లేని 'ఉత్తరాలు' ఎన్ని వచ్చాయో లెక్కపెట్టు. అవి చాలావరకు తెగిన ముక్కలే, చూసి ముందున్న ఉత్తరానికి అతికించాలి.

జీమెయిల్ నుంచి, మన డేటా దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే టేక్‌అవుట్ ద్వారా తీసుకుంటే వచ్చేదీ ఎంబాక్సే. అక్కడ ఫోల్డర్లు ఉండవు, లేబుళ్లు ఉంటాయి, అవి ఒక ప్రత్యేక హెడర్ లైనులో రాసి వస్తాయి. ఆ లైను ఉంచెయ్యి. ఒక మెయిల్‌కి రెండు లేబుళ్లుంటే దాన్ని రెండు ఫోల్డర్లలోకి నకలు చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, గమనించుకో.

అన్నిటికన్నా కష్టం పీఎస్‌టీ. అందులో ఉన్నది అసలు ఉత్తరం కాదు. ఉత్తరాన్ని విడగొట్టి, విషయం ఒక గడిలో, పంపినవారు ఒక గడిలో అన్నట్టు దాచుకుంటుంది. బయటినుంచి వచ్చిన మెయిళ్లకు పాత హెడర్ ఒక గడిలో మొత్తంగా దొరుకుతుంది. కానీ కాలేజీలోపల ఒకరికొకరు పంపుకున్నవాటికి అలాంటి హెడరే ఉండకపోవచ్చు. పంపినవారి అడ్రసు దగ్గర యాట్ గుర్తున్న మామూలు అడ్రసు బదులు, సంస్థ, విభాగం, మనిషి అంటూ అడ్డగీతలతో ఒక పొడుగాటి పేరు ఉంటుంది. ఆ పేరు ఏ ఉద్యోగిదో చెప్పేది సర్వర్‌లోని అడ్రస్ జాబితా ఒక్కటే. ఉద్యోగం మానేసినవాళ్లవి కూడా కలిపి ఆ జాబితా ముందు తీయించుకో, అమ్మలూ. సర్వర్ ఆపేశాక ఎవరినడిగినా దొరకదు. ఇలా తిరిగి తయారుచేసిన మెయిళ్లలో 'ఇది పీఎస్‌టీ నుంచి మార్చినది, ఫలానా తేదీన' అని ఒక కొత్త హెడర్ లైను చేర్చు. రేపు ఎవరైనా చూస్తే, అసలు ప్రతా, కూర్చి కట్టినదా తెలియాలి. పీఎస్‌టీ ఫైళ్లు కూడా పారేయొద్దు, పక్కన దాచు. వాటి లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ 2010లో బయటపెట్టింది కాబట్టి ముందుముందు ఇంకా మంచి పరికరాలు రావచ్చు.

తేదీల్లో ఒక గుంట ఉంది, మనవాళ్లే ఎక్కువగా పడతారు. పాత మెయిళ్లలో సమయం పక్కన +0530 అని కాకుండా ఐఎస్‌టీ అని మూడక్షరాలు రాసినవి ఉంటాయి. ఆ అక్షరాలు మనకు భారత కాలమానం. ఐర్లండ్ వాళ్లకు వాళ్లది, ఇజ్రాయెల్ వాళ్లకు వాళ్లది. ప్రమాణం ఏమంటుందంటే, అర్థం తెలియని అక్షరాలుంటే గ్రీనిచ్ సమయంతో తేడా సున్నా అనుకోమని. అప్పుడు పొద్దున పదింటికి పంపిన మెయిల్ వెతుకులాటలో మధ్యాహ్నం మూడున్నరకు పంపినట్టు కనిపిస్తుంది. తేదీ లైను దిద్దొద్దు. ఇండెక్స్ తయారుచేసే ప్రోగ్రామ్‌కి మాత్రం, ఈ మూడు కాలేజీల్లో ఈ అక్షరాలంటే ఐదున్నర గంటలు అని చెప్పు.

తెలుగు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నీకు దొరికే ఇంగ్లీషు గైడ్లలో అది ఉండదు. మెయిల్ పుట్టింది ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాల కోసం. అందుకే తొంభైల్లో అమెరికాలోని మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు. రైస్ యూనివర్సిటీలో తయారైన ఆర్‌టీఎస్ పద్ధతి దాని కోసమే. 1992లో మైమ్ అనే మెయిల్ ప్రమాణం వచ్చాక ఏ భాషైనా పంపే దారి తెరుచుకుంది. ఆ మైమ్ చేసినవాళ్లు అక్షరాలను ఎలా ఎంచారో చూడు. బిట్‌నెట్ అనే యూనివర్సిటీల నెట్‌వర్క్‌లో ఐబీఎం యంత్రాలు ఎబ్సిడిక్ అనే వేరే అక్షర పట్టిక వాడేవి, గేట్‌వే దాటేటప్పుడు బ్రాకెట్ల లాంటివి మారిపోయేవి. అందుకని, ఏ బైట్లనైనా మామూలు అక్షరాలుగా మార్చి రాసే బేస్64 పద్ధతికి అన్ని పట్టికల్లోనూ క్షేమంగా ఉండే అక్షరాలే తీసుకున్నారు.

విషయం లైనులో తెలుగు ఉంటే దాన్ని ముక్కలుగా కోడ్ చేసి రాస్తారు, ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో, మన ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు. ముక్కకు ముందూ వెనకా పెట్టే గుర్తులూ, బేస్64లో పెరిగే పొడవూ పోను లెక్క వేస్తే ఒక ముక్కలో పట్టేవి 15 సంకేతాలే, గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కే. 'విశ్వవిద్యాలయం' అన్న ఒక్క మాటకే ముక్క దాదాపు నిండుతుంది. సంకేతాన్ని రెండు ముక్కల మధ్య విరగ్గొట్టకూడదని నియమం ఉన్నా కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు విరగ్గొట్టాయి. అక్కడ ప్రశ్నార్థకాలో నల్ల డైమండ్లో కనిపిస్తాయి. కంగారుపడకు. అసలు ఫైలు ముట్టుకోకుండా, పక్కపక్క ముక్కల బైట్లు ముందు కలిపి, తర్వాత చదివితే చాలాసార్లు తెలుగు తిరిగి వస్తుంది. యూనికోడ్‌కి ముందరి ఫాంట్లలో రాసినవి మాత్రం ఇంగ్లీషు గుర్తుల గందరగోళంలా కనిపిస్తాయి. వాటిని చెత్త మెయిల్ అనుకుని ఎవరూ తీసేయకుండా చూడు. ఏ ఫాంటో తెలిసిన గుమస్తాలు ఇంకా ఆ కాలేజీల్లో ఉంటారు, వాళ్లని అడిగి రాసి పెట్టుకో.

మనుషుల విషయం. ఆ ముగ్గురు సిస్టమ్ అడ్మిన్లూ తమ ఏర్పాటును ఏళ్ల తరబడి కాపాడుకొచ్చినవాళ్లు. "మీ ఫార్మాట్ పాతది" అనే మాట నీ నోట రాకూడదు. ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ తమ దగ్గరున్న అతి కష్టమైన మెయిళ్లు ఓ వంద తెమ్మను. తెలుగువి, పెద్ద అటాచ్‌మెంట్లున్నవి, అవుట్‌లుక్ తగిలించే విన్‌మెయిల్.డాట్ అనే ఫైలుతో వచ్చినవి, తేదీ లేనివి. ఆ మూడు వందలూ మార్చి, మళ్లీ ఎవరివి వాళ్లకే చూపించు. తప్పు పట్టేది వాళ్లే కావాలి. తన మెయిళ్లలో తప్పును తానే పట్టుకున్నవాడు ఆ పద్ధతిని తనది అనుకుంటాడు.

సాఫ్ట్‌వేర్ గురించి చివరగా ఒక్క మాట. ఏది తీసుకున్నా సరే, మార్చకముందు ఎన్ని మెయిళ్లు, తర్వాత ఎన్ని అనే లెక్క పెట్టె పెట్టెకీ ఇవ్వాలి. అసలు ఫైళ్లకు షా-256 విలువలు, అంటే ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే వేలిముద్రల లాంటివి, తీసి వేరే డిస్క్‌లో పెట్టు.

వచ్చే నెల రెండో శనివారం నేను అటువైపు వస్తాను. ఆ మూడు వందల మెయిళ్లు సిద్ధంగా ఉంటే ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈలోగా సర్వర్ ఆపే తేదీ ఎవరైనా ఖరారు చేస్తే రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి. అడ్రస్ జాబితా చేతికి వచ్చేదాకా దాన్ని ఆపనివ్వొద్దు.

ఇట్లు,
మీ బాబాయి