హార్ట్ సీటీ, ఎంఆర్ఐ తీసే పని నేర్చుకుంటానంటోంది మా పాప, చేర్పించమంటారా?

గుంటూరు పట్నంబజారులో షాపు నడుపుకునే ఒక తండ్రిగారు రాశారు. వాళ్ల పాప బైపీసీ అయిపోయింది, నీట్ లో 720కి మూడొందల దగ్గర ఆగింది. ఈమధ్య తాతగారికి నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంటే విజయవాడ సూర్యారావుపేటలో హార్ట్ కి సీటీ యాంజియో, అంటే గుండె రక్తనాళాల స్కాన్, తీయించారట, కూడా వెళ్లిన పాప అక్కడ పని చేసే అమ్మాయిని చూసి "నాన్నా నేను ఇదే చదువుతా" అని పట్టుబట్టింది. చుట్టాలేమో టెక్నీషియన్ ఉద్యోగమేంటి, లాంగ్ టర్మ్ లో వేసెయ్యండి అంటున్నారు. రేడియేషన్ కదా రేపు పెళ్లయ్యాక పిల్లలకి ఇబ్బంది అని వాళ్లమ్మగారి భయం, ఏఐ వస్తే ఈ ఉద్యోగాలే ఉండవేమో అని ఈయన భయం. చూసిపెట్టుకున్న రెండు కాలేజీల పేర్లు కూడా రాశారు.

నమస్తే అండి. ముందు పాపని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి. ఆరోజు నీకు నచ్చింది ఏ పని, తాతగారిని పడుకోబెట్టి భయం పోగొట్టి ఊపిరి పట్టించి ఆ బొమ్మ సరిగ్గా వచ్చేలా చేసినామె పనా, లేకపోతే ఆ బొమ్మ చూసి ఇక్కడ బ్లాక్ ఉంది ఇక్కడ లేదు అని రిపోర్ట్ రాసిన డాక్టర్ పనా? రెండూ పక్కపక్క గదుల్లోనే జరుగుతాయి గానీ చదువులు పూర్తిగా వేరు, పట్టే ఏళ్లు వేరు. దీనికి జవాబు తెలియకుండా చుట్టాలు చెప్పారని లాంగ్ టర్మ్ కి పంపినా తప్పే, పాప ఏడ్చిందని రేపే బీఎస్సీలో చేర్పించినా తప్పే.

మొదటి పని గురించి చుట్టాలకి తెలిసింది తక్కువ కాబట్టి అది కాస్త వివరంగా చెప్తా. బటన్ నొక్కితే మెషీనే తీసేస్తుంది అనుకుంటారు అందరూ. కడుపుకో తలకో తీసే సీటీకి కొంతవరకు నిజమేమో గానీ గుండెకి కాదు, ఎందుకంటే గుండె ఆగదు. తిరుగుతున్న ఫ్యాన్ ని ఫోటో తీస్తే రెక్కలు కనపడవు చూడండి, అలాంటిదే ఈ పని, పైగా చూడాల్సిన రక్తనాళాలు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సైజువి, వాటి లోపల ఎంత పూడిందో కనపడాలి. అందుకే ఛాతీకి ఈసీజీ వైర్లు పెట్టి, కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య గుండె కాసేపు నిమ్మళంగా ఉండే క్షణం చూసి ఆ క్షణం బొమ్మే తీసుకుంటారు. మెషీన్ ఒక చుట్టు తిరగడానికి సెకనులో మూడో వంతో నాలుగో వంతో పడుతుంది, గుండె నిమిషానికి 60, 65 లోపు కొట్టుకుంటే ఆ నిమ్మళంగా ఉండే టైము సరిపోతుంది, 85, 90 ఉంటే బొమ్మ చెదురుతుంది. మీ నాన్నగారికి ముందు ఒక టాబ్లెట్ ఇచ్చి చాలాసేపు కూర్చోబెట్టారని రాశారే, అది గుండె వేగం తగ్గడానికే అయ్యుంటుంది, బీటా బ్లాకర్ అంటారు.

ఆ కూర్చున్న టైములో ఆ అమ్మాయి ఎన్ని పనులు చేసుంటుందో పాపని గుర్తు చేసుకోమనండి. కుడి మోచేతి దగ్గర పెద్ద సైజు సూది పెట్టించాలి, ఎందుకంటే నాళాలు బొమ్మలో కనపడటానికి ఇచ్చే మందు సెకనుకి అయిదు ఎంఎల్ స్పీడుతో వెళ్తుంది, చిన్న నరం ఐతే బయటికి వచ్చి చెయ్యి వాచిపోతుంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ చూడాలి, ఆస్తమా ఉందా ఎలర్జీ ఉందా షుగర్ కి ఏ మాత్ర వాడుతున్నారు అడగాలి. నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెట్టేముందు మగవాళ్లని వయాగ్రా లాంటి టాబ్లెట్ ఈ రెండ్రోజుల్లో వేసుకున్నారా అని కూడా అడగాలి, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, ఈ ప్రశ్న మొహమాటపడకుండా పేషెంట్ సిగ్గుపడకుండా అడగడం ఒక నేర్పు. మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి యూరిన్ వచ్చేసినట్టు అనిపిస్తుంది అని ముందే చెప్పాలి, చెప్పకపోతే కంగారుపడి కదులుతారు, గుండె వేగం పెరుగుతుంది, మొత్తం చెడిపోతుంది. ఇంక ఊపిరి. మెషీన్ లో రికార్డయిన గొంతు వేరే భాషలో చెప్తే పల్నాడు పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దాయనకి ఏం అర్థమవుతుంది, కాబట్టి "గాలి పీల్చండి పెద్దాయనా, ఆపండి, కదలొద్దు, ఇప్పుడు వదలండి" అని నాలుగైదు సార్లు ముందే ప్రాక్టీస్ చేయించాలి. అసలు స్కాన్ కొన్ని సెకన్లే. ఆ సెకన్లలో ఊపిరి వదిలేస్తే నాళం అక్కడ తెగినట్టో సన్నబడినట్టో కనిపిస్తుంది, లేని బ్లాక్ ఉన్నట్టు అనుమానం వస్తుంది, పాపం ఆ మనిషిని అనవసరంగా గొట్టం వేసి యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్ కి పంపే పరిస్థితి రావచ్చు. ఎంత గొప్ప రేడియాలజిస్ట్ ఐనా చెడిపోయిన బొమ్మలోంచి నిజం లాగలేడండీ. ఈ పనిని తక్కువగా చూసే చుట్టాలకి నేను చెప్పగలిగింది ఇదే.

ఎంఆర్ఐ ఇంకా ఓపిక పని. సీటీ రక్తనాళాలు చూపిస్తే ఎంఆర్ఐ గుండె కండరం చూపిస్తుంది, రేడియేషన్ ఉండదు, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, ఆ గంటలో పేషెంట్ చాలాసార్లు ఊపిరి పట్టాలి. గ్యాడోలినియం అనే మందు ఇచ్చి పదిహేను నిమిషాల దాకా ఆగి తీస్తే గుండెపోటులో చచ్చిపోయిన కండరం తెల్లగా, బతికున్నది నల్లగా వస్తుంది. గోడ మందంలో సగానికి మించి తెల్లబడితే అక్కడ బైపాస్ చేసినా ఆ భాగం కోలుకునే అవకాశం తక్కువ, అంటే ఆపరేషన్ వల్ల లాభం ఉంటుందో లేదో డాక్టర్ కి ఒక ఆధారం దొరికినట్టు. ఐతే బతికున్న కండరం అలా నల్లగా రావాలంటే టైమింగ్ నంబర్ ఒకటి ప్రతి పేషెంట్ కీ విడిగా సెట్ చేయాలి, అది తీసేవాళ్ల చేతిలోనే ఉంటుంది. తలసేమియా పిల్లలకి నెలనెలా రక్తం ఎక్కించీ ఎక్కించీ గుండెలో ఇనుము పేరుకుంటుంది, దాన్ని కోతా కుట్టూ లేకుండా కొలిచేది కూడా ఇదే, టీ2 స్టార్ అని ఒక కొలత, 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే ఇనుము చేరినట్టు, 10 కంటే తగ్గితే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు. నాకైతే ఈ ఫీల్డ్ మీద గౌరవం పెరిగింది ఈ తలసేమియా పరీక్ష గురించి తెలుసుకున్నాకే, పదేళ్ల పిల్లాడికి ఏ టైములో ఇనుము తీసే మందు పెంచాలో ఒక బొమ్మ చెప్తోంది అంటే చిన్న విషయమా.

పాపకి ఒక మాట గట్టిగా చెప్పండి, ఫిజిక్స్ వదిలించుకుందామని ఈ కోర్సుకి రావద్దు. బైపీసీ పిల్లల్లో ఇది చాలా ఎక్కువ, నీట్ అయిపోయింది ఇంక ఫిజిక్స్ గోల లేదు అనుకుంటారు. ఎంఆర్ఐ మొత్తం ఫిజిక్సే. ఒంట్లో నీళ్లలో ఉండే హైడ్రోజన్ తో పని, 1.5 టెస్లా అయస్కాంతం అంటే భూమి అయస్కాంతానికి దాదాపు ముప్పై వేల రెట్లు, అది స్కాన్ లేనప్పుడు కూడా ఆన్ లోనే ఉంటుంది. 2018లో ముంబైలో ఒక ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండర్ తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. గది గుమ్మం దగ్గర ఆపే బాధ్యత తీసేవాళ్లదే, పాత పేస్‌మేకర్ ఉందా, తలలో క్లిప్ ఉందా అన్నీ అడగాలి. స్టెంట్ ఉంటే ఎంఆర్ఐ తీయకూడదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది గానీ మామూలుగా స్టెంట్లకి ఇబ్బంది ఉండదు, ఐనా కార్డు చూసి నిర్ధారించుకునే లోపలికి పంపుతారు.

ఇక చదువు సంగతి. తీసే పనికి బీఎస్సీలో ఇమేజింగ్ టెక్నాలజీ, ఇంటర్న్‌షిప్ తో కలిపి నాలుగేళ్లు, విజయవాడలోనే ఉన్న ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉన్న కాలేజీ ఐతేనే చేర్పించండి. పారామెడికల్ బోర్డు డిప్లొమా కూడా ఉంది కానీ మీ పాపకి డిగ్రీయే మంచిది, పైచదువుకీ విదేశాలకీ అదే అడుగుతారు. అడ్మిషన్ రూల్స్ ఈమధ్య మారుతున్నాయి, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం ప్రకారం సిలబస్ లు కూడా మారుతున్నాయి కాబట్టి ఈ ఏడాది యూనివర్సిటీ నోటిఫికేషనే చూడండి, కన్సల్టెన్సీ వాళ్ల మాట వద్దు. కార్డియాక్ కేర్ అనో క్యాథ్ ల్యాబ్ అనో పేర్లతో కూడా కోర్సులుంటాయి, వాటిలో ఈసీజీ, ఎకో, యాంజియో టేబుల్ దగ్గర పని, అది వేరే దారి, పేరులో గుండె ఉందని అందులో కట్టేయకండి.

ఆ బొమ్మ చదివి రిపోర్ట్ రాసే పనికి ఐతే ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ రేడియాలజీ మూడేళ్లు, ఆ పైన గుండె బొమ్మలకి ఫెలోషిప్ గానీ ఢిల్లీ ఎయిమ్స్ లో ఉన్న కార్డియోవాస్కులర్ రేడియాలజీ డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు గానీ. పదేళ్లు తేలిగ్గా దాటుతుంది, పైగా పీజీలో ర్యాంకర్లు ఎగబడేది రేడియాలజీకే. లాంగ్ టర్మ్ కి పంపితే ఈ మొత్తం దారి కళ్ల ముందు పెట్టుకుని పంపండి, ఎంబీబీఎస్ సీటు ఒక్కటే కాదు.

కాలేజీ ఎంచుకోవడంలోనే అసలు విషయం ఉంది, ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటున్నారు. బిల్డింగ్ చూసి, బస్సు చూసి, ఫీజు రాయితీ చూసి చేరతారు, నాలుగేళ్లూ ఎక్స్‌రే గదిలో క్యాసెట్లు మోసి బయటికొస్తారు. మీరు వెళ్లినప్పుడు ఆఫీసులో కాకుండా ఆస్పత్రి రేడియాలజీ డిపార్ట్‌మెంట్ లోకి నడవండి. సీటీ ఎన్ని స్లైసులది, అంటే ఒక చుట్టులో ఎన్ని పలుచటి కోతలుగా బొమ్మ తీస్తుంది, అని అడగండి, గుండెకి కనీసం 64 ఉండాలి. ఈసీజీ తో గుండె సీటీ అసలు తీస్తున్నారా, నెలకి ఎన్ని తీస్తున్నారు, ఎంఆర్ఐకి కార్డియాక్ సాఫ్ట్‌వేర్ ఉందా, ఇంటర్న్‌షిప్ లో సీటీలో ఎన్ని వారాలు ఎంఆర్ఐలో ఎన్ని వారాలు వేస్తారు. ఫైనలియర్ పిల్ల ఎవరైనా కనపడితే నువ్వు చేత్తో స్కాన్ ప్లాన్ చేశావా అమ్మా, పక్కన నిలబడి చూశావా అని అడగండి, ఆ జవాబు ప్రిన్సిపాల్ జవాబు కన్నా విలువైంది. ఎక్కడా గుండె స్కాన్లు ఎక్కువ లేకపోయినా పర్వాలేదు, మామూలు సీటీ, ఎంఆర్ఐ మీద చెయ్యి బాగా తిరిగితే గుండె పని తర్వాత నేర్చుకోవచ్చు, తిరువనంతపురంలోని శ్రీచిత్ర అనే కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థలో ఇలా రేడియోగ్రఫీ చదివినవాళ్లకి అడ్వాన్స్‌డ్ ఇమేజింగ్ డిప్లొమా ఉంది.

వాళ్లమ్మగారికి నా మాటగా చెప్పండి. సీటీ నడుస్తున్నప్పుడు తీసేవాళ్లు లోపల ఉండరు, సీసం అద్దం వెనక గదిలో ఉంటారు. ప్రతి ఒక్కరికీ ఒంటి మీద బ్యాడ్జ్ ఉంటుంది, దాన్ని మూడు నెలలకోసారి పంపి ఎంత తగిలిందో కొలుస్తారు. మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్బీ పెట్టిన హద్దు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత ఇది), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు, రూల్స్ పాటించే చోట సీటీ కంట్రోల్ గదిలో పనిచేసేవాళ్లకి దీనికి చాలా తక్కువే తగులుతుంది. గర్భం వచ్చినప్పుడు చెప్తే హద్దు ఇంకా తగ్గిస్తారు. భయపడాల్సింది బ్యాడ్జ్ ఇవ్వని సెంటర్ కి, అలాంటి చోట ఒక్కరోజు కూడా చేయనివ్వకండి. నైట్ డ్యూటీలు మాత్రం ఉంటాయి, అది దాచను.

డబ్బు సంగతి దాచి లాభం లేదు. మొదటి రెండు మూడేళ్లు ప్రైవేట్ సెంటర్లలో జీతం తక్కువ, మీ షాపులో పనిచేసే కుర్రాడి జీతంతో పోల్చుకుని బాధపడే అవకాశం కూడా ఉంది. పెరిగేది ఎంఆర్ఐ, కార్డియాక్ సీటీ లాంటివి సొంతంగా చేయగలిగినప్పుడు, లేదా మెషీన్ కంపెనీల్లో ఆస్పత్రులకి వెళ్లి నేర్పించే అప్లికేషన్ స్పెషలిస్ట్ ఐనప్పుడు, లేదా గల్ఫ్ కో ఇంగ్లండ్ కో వెళ్లినప్పుడు, ఇంగ్లండ్ లో ఐతే ఆరోగ్య వృత్తులవాళ్లని నమోదు చేసే హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ షాపు మీద అప్పు చేసి లక్షలు పోసి చేర్పించే కోర్సు కాదిది.

ఏఐ ఇప్పటికే వచ్చేసింది, గుండెకి అడ్డంగా నిలువుగా కోతలు ప్లాన్ చేయడం, నాళాలు గీసి చూపించడం చాలావరకు సాఫ్ట్‌వేరే చేస్తోంది. కానీ పైన చెప్పినవన్నీ ఒకసారి చూడండి, సూది, ఊపిరి, భయం, ఎలర్జీ, ఇవన్నీ మనిషి పనులే. ఇంకోపక్క ఈ పరీక్షల అవసరం పెరుగుతోంది. స్కాట్లాండ్ లో ఛాతీ నొప్పి వచ్చిన 4146 మంది మీద చేసిన స్కాట్ హార్ట్ స్టడీలో, మామూలు పరీక్షలకి తోడు సీటీ తీసినవాళ్లలో అయిదేళ్లకి గుండెజబ్బుతో చావు లేదా గుండెపోటు 2.3 శాతం, తీయనివాళ్లలో 3.9 శాతం, 2018లో వచ్చింది ఆ రిజల్ట్. సీటీతో నాళాల్లో కొవ్వు కనపడినవాళ్లకి మందులు సరిగ్గా పడ్డాయి, తేడా ఎక్కువగా అక్కడే వచ్చిందంటారు.

లాంగ్ టర్మ్ మీద నా అభిప్రాయం ఐతే ఇది: పాప నోటితో నాకు రిపోర్ట్ రాసే పనే కావాలి, ఇంకో ఏడాది కూర్చుంటా అంటే ఒక్క ఏడాది ఇవ్వండి, రెండోది వద్దు. తీసే పనే నచ్చింది అంటే చుట్టాల కోసం ఆ ఏడాది కాల్చకండి, మూడొందల నుంచి సీటు వచ్చే మార్కులకి ఎక్కడం కొంతమంది వల్ల అవుతుంది గానీ ఇష్టం లేని పిల్ల వల్ల కాదు. ఏదీ తేల్చుకోలేకపోతుంటే మీ నాన్నగారికి స్కాన్ తీసిన సెంటర్ కే వెళ్లి ఇన్‌ఛార్జ్ ని బతిమాలుకుని పాపని ఒక పూట కంట్రోల్ రూమ్ లో ఓ మూల కూర్చోనివ్వమని అడగండి, ఒప్పుకుంటే పది మంది పేషెంట్లని చూశాక ఆమెకే తెలుస్తుంది.

మీరు రాసిన రెండు కాలేజీలకీ పాపని కూడా తీసుకెళ్లండి, స్లైసుల సంగతి, నెలకి గుండె స్కాన్ల సంగతి, ఇంటర్న్‌షిప్ వారాల సంగతి వాళ్లు ఏం చెప్పారో ఫీజు కట్టకముందే నాకు రాయండి, చూసి చెప్తా.