యాక్సిడెంట్ల మీద పరిశోధనేంది, దాంతో బతకొచ్చా?

మీ ప్రశ్న ఇది: "ఫిజియోథెరపీ చదివి ఒంగోల్లో ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. గాయాల నివారణ మీద పరిశోధన అని ఒక రంగం ఉందనీ, అందులోకి పోతే గ్లోబల్ హెల్త్‌లో కెరీర్ ఉంటుందనీ ఒక సీనియర్ చెప్పారు. ఇంట్లో చెబితే, రాత బాగాలేక జరిగేదానికి పరిశోధనేంది అని నవ్వారు. నిజంగా ఇదొక పనేనా?"

పనే. 2012 నుంచి నేను ఆ పని మీదే బతుకుతున్నాను. మాది విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరున్న ఊరు. ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "మా పాప హైదరాబాదులో ఆస్పత్రి లెక్కలు రాస్తాది" అని చెబుతుంది. ఒకరకంగా నిజమే, కాకపోతే నేను రాసే లెక్కల్లో సగం ఆస్పత్రి గడప తొక్కని మనుషులవి.

ఇంట్లో నవ్వినవాళ్ళకి చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో రోడ్ల మీద పోయినవాళ్ళు 11.9 లక్షల మంది, నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు 3 లక్షల మంది. 5 నుంచి 29 ఏళ్ళ మధ్య వయసులో చావులకి మొదటి కారణం ఏ జబ్బూ కాదు, రోడ్డు. ఇన్ని ప్రాణాలు తీసే జబ్బయితే దానికొక స్పెషలిస్టు, ఒక వార్డు, ఒక టీకా ఈపాటికి ఉండేవి.

నేను ఇందులోకి కోరి రాలేదు. నెల్లూరులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి, బ్యాంకు పరీక్షలు రెండుసార్లు పోగొట్టుకుని ఇంట్లో ఉంటే, పల్లెల్లో చావులకి కారణాలు రాసుకునే ఒక ప్రాజెక్టులో ఫీల్డ్ సూపర్‌వైజర్ కావాలన్నారు. నెలకి 14 వేలు, పెట్రోలు ఖర్చు వేరే. ఆ పనిని వెర్బల్ అటాప్సీ అంటారు. డాక్టరు చూడకుండా ఇంట్లోనే పోయినవాళ్ళ గురించి, ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చుని ఆఖరి రోజుల్లో ఏం జరిగిందో మొదటి నుంచీ అడిగి రాసుకోవాలి. ఆ కాగితాన్ని డాక్టర్లు చదివి కారణం తేలుస్తారు. మన రాష్ట్రంలో ఇది కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఇట్లాగే చేసి 2006లో ప్రచురించారు. మొత్తం చావుల్లో గుండెజబ్బులు, పక్షవాతం లాంటివి 32 శాతం. వాటి తర్వాత రెండో స్థానం గాయాలది, 13 శాతం. అంటు జబ్బులన్నీ కలిపినా 12 శాతమే. గాయాల చావుల్లో మూడో వంతు ఆత్మహత్యలు. అవును, ఈ రంగంలో అవి కూడా మన లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు నన్ను ఈ రంగంలోనే ఉంచేసిన సంగతి చెబుతా. చేరిన రెండో నెల, కోస్తా పక్క ఒక ఊళ్ళో రెండేళ్ళ పాప చనిపోయిన ఇంటికి పోయాను. తల్లికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. హైదరాబాదులో ఎవరో ఇంగ్లీషు నుంచి దింపిన ఫారం నా చేతిలో ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను: "మునిగిన జలాశయం ఏది? నది, సరస్సు, బావి, ఈతకొలను, ఇతరములు." ఆ అమ్మాయి నా మొహం చూసి "జలాశయమంటే ఏందక్కా?" అంది. "గుంటమ్మా" అన్నాను. "ఆఁ, గుంటలోనే. రొయ్యల గుంటలో."

ఫారంలో గుంట లేదు. మా మండలంలో ఎటు తిరిగినా రొయ్యల గుంటలే, ఈతకొలను మాత్రం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి వచ్చేశాను.

తర్వాత తెలిసింది, ఈ పొరపాటు మా ఫారం ఒక్కదానిదే కాదని. చావుల కారణాలకి దేశదేశాల్లో వాడే ఐసీడీ-10 పట్టికలో స్నానాల తొట్టిలో మునిగితే డబ్ల్యూ65, ఈతకొలనులో అయితే డబ్ల్యూ67, ఏట్లోనో సముద్రంలోనో అయితే డబ్ల్యూ69. రొయ్యల గుంటకి సొంత గది లేదు, డబ్ల్యూ73లో మిగతా వాటితో కలిపి వెయ్యాలి. ఇక పడవ తిరగబడి మునిగినవాడు ఈ వరసలోనే కనపడడు, రవాణా ప్రమాదం కింద వీ90కి పోతాడు. అంటే వేటకి పోయి తిరిగిరాని మా ఊరి మనిషి, లెక్కల్లో లారీ గుద్దినవాడి దాయాది. స్నానాల తొట్టి ఉన్న దేశాల్లో రాసిన పట్టిక మరి.

పోలీసు రికార్డులు చూసుకోవచ్చు కదా అంటారేమో. పసిబిడ్డ గుంటలో పడితే స్టేషనుకి ఎవరు పోతారు? "బిడ్డని కొయ్యనియ్యం" అని ఆ సాయంత్రానికే పూడ్చిపెడతారు. ఆ చావు ఎక్కడా నమోదు కాదు.

ఆ పాప కాగితంలో జరిగిన కథ రాసే చోట నేను ఆఖరున "తల్లి అజాగ్రత్త వల్ల" అని రాశాను. చదివిన డాక్టరమ్మ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ఒకటే రాసి వెనక్కి పంపింది: "పదిన్నరకి తల్లి ఎక్కడుంది? మళ్ళీ పోయి కనుక్కో." సిగ్గుపడుతూ మళ్ళీ పోయాను. పదిన్నరకి ఆమె బోరింగు దగ్గర అంట్లు తోముతోంది. అత్త రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయింది. మొగుడు తెల్లారుజామునే వేటకి. వాకిలికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీశారు. వాకిట్లో నుంచి గుంట గట్టుకి నేనే అడుగులేసి చూశాను, ఇరవై మూడు. తల్లి రోజంతా బిడ్డ చెయ్యి పట్టుకుని కూర్చుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఈ పనికి కావలసిన అసలు చదువు నాకు ఆ రోజు వచ్చింది. 'అజాగ్రత్త' అని రాసేస్తే ఇంక అడగడానికి ఏమీ మిగలదు. అది ఎక్కడ రాయాలనిపించినా పెన్ను పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి.

విలియం హాడన్ అని ఒక అమెరికా డాక్టరు ఉండేవాడు. 1966లో అక్కడి ప్రభుత్వం రోడ్ల భద్రతకి పెట్టిన సంస్థకి మొదటి అధిపతి. అంతకుముందు అక్కడ కూడా తప్పంతా డ్రైవరు నెత్తిన వేసేవాళ్ళే. ఆయన తొమ్మిది గళ్ళ పట్టిక ఒకటి గీశాడు. అడ్డంగా మూడు వరసలు: మనిషి, దెబ్బ తగిలించే వస్తువు, చుట్టూ ఉన్న పరిస్థితి. నిలువుగా మూడు: జరగకముందు, జరిగేటప్పుడు, జరిగాక. ఆ పాప సంగతి తీసుకుని ఒక రాత్రి నేను ఆ తొమ్మిది గళ్ళు నింపాను. తల్లి కనిపెట్టుకుని ఉండటం ఒక్క గడికే సరిపోయింది. మిగతా ఎనిమిదింటిలో ఏమున్నాయో చూడండి: వాకిలికి అడ్డకర్ర, గట్టు వాలు, పడినా పట్టుకుని పైకి రావడానికి ఒక తాడు, అరుపు వినపడే దూరంలో ఒక మనిషి, నోట్లోకి గాలి ఊదడం తెలిసినవాళ్ళు, 108 వచ్చే దారి.

ఇంకొకటి కూడా కనపడింది. రొయ్యలకి రోగాలు రాకుండా మా రైతులు గుంట చుట్టూ పీతలు దూరకుండా కంచె కడతారు. కాకులు దిగకుండా పైన దారాలు లాగుతారు. పీతకి కంచె ఉంది, కాకికి దారం ఉంది. ఆ కంచె మోకాలెత్తు కూడా ఉండదు. దాన్నే ఇంకో రెండడుగులు లేపి, ఇళ్ళ వైపున్న గట్టుకి మాత్రం కడితే ఎంతవుతుంది, రైతు ఒప్పుకుంటాడా, రెండేళ్ళకి కూడా నిలుస్తుందా? నా పీహెచ్‌డీ మొదలైంది ఈ ప్రశ్నల దగ్గరే. నిధుల కోసం రాసిన ప్రతిపాదన రెండుసార్లు తిరిగొచ్చింది. ఒక రివ్యూయరు 'ఇందులో కొత్తదనం లేదు' అని రాశాడు. నిజమే, కంచె కొత్తదేమీ కాదు.

ఢాకాలో మూడు వారాల శిక్షణకి పోయినప్పుడు చూశాను. అక్కడి పల్లెల్లో పసిపిల్లలు ఎక్కువగా మునిగేది పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు, తల్లులు ఇంటి పనిలో ఉండే వేళ. అందుకని ఊళ్ళోనే ఒక ఇంట్లో ఆ నాలుగు గంటలు పిల్లల్ని చూసుకునే కేంద్రాలు పెట్టారు. 'ఆంచల్' అంటారు, అంటే కొంగు. ఆ కేంద్రాలకి పోయే పిల్లల్లో మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గింది. మనకి అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. అందులో కూర్చోబెట్టేది మూడేళ్ళు నిండినవాళ్ళనే, ఆలోపు పిల్లలకి ఇంటికి రేషన్ ఇచ్చి పంపుతారు. గుంట వైపు నడిచి పోయేది ఆ ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిలకాయలే.

మన దేశంలో ఈ దారి వేసినవాళ్ళలో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ దినేశ్ మోహన్ ఒకరు. 2021లో పోయారు. హాడన్ దగ్గర పనిచేసి తిరిగొచ్చి, హెల్మెట్లు, రోడ్లతో పాటు పల్లెల్లో గడ్డి కోసే యంత్రాల్లో చేతులు తెగడం మీద కూడా పనిచేశారు. ఆయన ఇంజనీరు. ఈ రంగంలో డాక్టర్లే ఉండాలని లేదు, మీరు ఫిజియో కాబట్టి ఇబ్బందీ లేదు. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చెయ్యాలి. హైదరాబాదులో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురం శ్రీచిత్రలో అచ్యుత మీనన్ సెంటర్ చూడండి, అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. లెక్కలంటే భయం ఉంటే ఇప్పుడే పోగొట్టుకోండి, 'ఆర్' అని లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, అది నేర్చుకోండి, ఉచితమే.

డబ్బు సంగతి దాచను. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. నాకు రెండుసార్లు నాలుగైదు నెలలు జీతం లేదు, ఒకసారి మా నాయన దగ్గర తీసుకున్నాను. 2025లో అమెరికా, వేరే దేశాలకి సాయం డబ్బులిచ్చే తన సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని మూసేసినప్పుడు నా స్నేహితులిద్దరు రోడ్డున పడ్డారు. గ్లోబల్ అనే మాట చూసి మురిసిపోవద్దు కూడా. నేను జెనీవాలో ఒక మీటింగులో గంటన్నర కూర్చున్నాను, మునకల గురించి మాట్లాడినవాళ్ళలో గుంట గట్టు మీద నిలబడినవాళ్ళు ముగ్గురో నలుగురో. కానీ అదే గదిలో, శ్రీలంకలో అతి విషపు పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే 1995 తర్వాత ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు 70 శాతం తగ్గిందని లెక్కలతో చూపించినప్పుడు, మిరప, పొగాకు పండించే మన ప్రకాశం పల్లెలు గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటివాళ్ళతో వాదించకండి. రాజీనామా కూడా ఇప్పుడే వద్దు. ముందు ఒక నెల ఒక పని చెయ్యండి. మీ దగ్గరికి తుంటి విరిగినవాళ్ళు, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు నెలల తరబడి వస్తుంటారు. ఎక్స్‌రే తీసిన డాక్టరుకి లేని తీరిక వాళ్ళతో మీకుంటుంది. కేసు షీట్లో చాలావరకు 'కింద పడ్డాడు' అని ఉంటుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని వాళ్ళ పేర్లు రాయకుండా అడగండి: ఎక్కడి నుంచి పడ్డాడు? తాటిచెట్టు మీద నుంచా, పిట్టగోడ లేని మిద్దె మీద నుంచా, చీమకుర్తి క్వారీలోనా, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని పోతూనా? ఎన్ని గంటలప్పుడు? పక్కన ఎవరున్నారు? ఆస్పత్రికి ఎట్ట తెచ్చారు? నెలాఖరుకి ఆ నోటుబుక్కు ముందేసుకుని తొమ్మిది గళ్ళు గీయండి. గీశాక ఇక్కడే రాయండి, చూస్తాను.